సరిగ్గా ఒక్క సెకను

మా మామగారి చెయ్యి నెమ్మదించిందని మొట్టమొదట అన్నది నేనే. ఎనిమిదేళ్లపాటు ఇంటిల్లిపాదీ ఆ మాట నమ్మారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, ఆఫీసులో, చల్లారిపోయిన కాఫీ పక్కన పెట్టుకుని కూర్చున్నదాన్ని, అది అబద్ధమని తెలుసుకున్నాను. తప్పు నాది, తెలిసింది నాకొక్కదానికే. వెంటనే లేచి ఇంటికి పరిగెత్తి ఉంటే ఇప్పుడు ఇంత సిగ్గుపడుతూ రాయాల్సిన పని ఉండేది కాదు. పరిగెత్తలేదు. తొమ్మిది రోజులు నోరు కుట్టుకుని కూర్చున్నాను.

నా ఉద్యోగం ఏమిటో చెప్పకపోతే ఇదంతా ఎవరికీ ఎక్కదు. చుట్టాలు అడిగితే "టైము మారుస్తుంటాను" అంటాను. ఒకాయన నిజంగానే తన చేతి గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు. నేను పనిచేసేది నక్షత్రాలను గమనించే ఒక వేధశాలలో. అక్కడ రెండు రకాల కాలాలతో కాపురం. ఒకటి మనందరి గోడల మీదా ఉండేది. అది భూమి తిరుగుడుకు కట్టుబడి నడవాలి. రెండోది అణుగడియారాలది, అది ఎవరి కోసమూ ఆగదు. భూమి అలా కాదు, బద్ధకిస్తుంది. అది వెనకబడ్డప్పుడల్లా మన గడియారాలకు ఒక సెకను అదనంగా చేరుస్తారు, జూన్ ఆఖర్నో డిసెంబరు ఆఖర్నో. ఆ సంగతి ఆరు నెలల ముందే ప్రకటిస్తారు. అలా చేరుతూ చేరుతూ ఈ రెండు గడియారాల మధ్య తేడా పెరిగింది. నేను చెప్పబోయే ఏడాది ఆఖర్న అది ముప్పై ఆరు సెకన్ల నుంచి ముప్పై ఏడుకు మారాలి.

చంద్రుడు ఎప్పుడెక్కడ ఉంటాడో లెక్కలు కట్టేవాళ్లకి భూమి బద్ధకంతో పనిలేదు. వాళ్ల కాలం అణుగడియారాన్ని అంటిపెట్టుకుని, దానికి ముప్పై రెండు సెకన్ల చిల్లర ముందుగా నడుస్తుంది. గోడ గడియారం ప్రకారం రాసుకున్న సమయాన్ని వాళ్ల కాలంలోకి మార్చాలంటే, ఏ తేదీ నుంచి ఎంత తేడా కలపాలో చెప్పే పట్టిక ఒకటి కావాలి. ఆ పట్టికా, దాన్ని చూసి సమయాన్ని మార్చే ప్రోగ్రామూ నావి. పట్టిక మొత్తం ఇరవై ఎనిమిది వరుసలు, అంతే. నేను చేరిన కొత్తల్లో మామగారు నాకు "పట్టికమ్మ" అని పేరు పెట్టారు.

అప్పటికి ఆయన నాకు మామగారు కాదు, అక్కడి నాలుగో నంబరు పరిశీలకుడు. ఆఫీసంతా ఆయన్ని నాలుగో నంబరనే పిలిచేది. నన్ను రెండేళ్లు చూసి, కొడుక్కి చేసుకుంటామని మా ఇంటికి వచ్చారు. "మా ఇంట్లో ఒక్కరైనా టైముకి వచ్చే మనిషి ఉండాలమ్మా, మావాడు వాడి పుట్టుకకే రెండు వారాలు ఆలస్యంగా వచ్చాడు" అని మా నాన్నతో అన్నారు. మా ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు. రెండు వారాల మాట నిజమే.

మామగారి పని చెప్పడానికి చిన్నది. సాయంత్రం దుర్భిణి ముందు కూర్చోవాలి. చంద్రుడు మెల్లగా జరుగుతూ దారిలో ఉన్న నక్షత్రాలను ఒకటొకటిగా కప్పేస్తుంటాడు. నక్షత్రం మసకబారి పోదు, దీపం ఆర్పినట్టు ఠక్కున పోతుంది. అది పోయిన క్షణాన చేతిలోని మీట నొక్కాలి. కన్ను చూసి, వేలు నొక్కేలోపు కొంత ఆలస్యం ఎవరికైనా తప్పదు. ఒక్కొక్కరిది ఒక్కో ఆలస్యం. మామగారిది సెకనులో పదో వంతులు మూడు. ఇరవై ఆరేళ్లు అదే, దాన్ని లెక్కలో ముందే తీసేసేవాళ్లం. మిగతా పరిశీలకులంతా మెల్లగా కెమెరాలకు మారిపోయారు. కెమెరాల సమయాలను వాటిని అమ్మినవాళ్ల ప్రోగ్రామే మార్చుకుంటుంది, నా పట్టిక జోలికి రాదు. చేత్తో నొక్కి సమయం పట్టేది ఆయనొక్కరే మిగిలారు. నా ప్రోగ్రాములోంచి వెళ్లేవి ఆయన అంకెలు మాత్రమే.

ఆ ఏడాది జూలై రెండో వారంలో ఆయన పట్టిన సమయం లెక్కకు ఒక సెకను ఆలస్యంగా వచ్చింది. పోనీలే అనుకున్నాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆయనకు యాభై ఏడు. ఆ మధ్యే కళ్లజోడు మారింది. నాకు ఇంకేమీ తోచలేదు. ఇంకేమైనా తోచాలన్న ఆలోచన కూడా రాలేదు. నా పెళ్లయి అప్పటికి రెండేళ్లు, ఆయనంటే నాకు ప్రాణం. ఆయన్ని పిలిచి ఈ అంకెలు చూపిస్తే ఎంత నొచ్చుకుంటారోనని పిలవలేదు.

అందుకని నేనొక గొప్ప పని చేశాను. ప్రోగ్రాములో ఒక వాక్యం చేర్చాను: పరిశీలకుడు నాలుగో నంబరైతే ఒక సెకను తీసెయ్యి. అంతే. ఆయన అంకెలు మళ్లీ లెక్కతో చక్కగా కలిశాయి. ఆయనకు తెలియదు, ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఇంట్లో మా ఆయనకు మాత్రం చెప్పాను, కడుపులో దాచుకోలేక. "మామయ్యగారి చెయ్యి కొంచెం నెమ్మదించింది. ఆఫీసులో నేను సర్దుతున్నాలే, నువ్వు కంగారుపడకు" అన్నాను. ఎంత ఉదారంగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మా ఆయన కంగారుపడ్డాడు. వాళ్లమ్మకు చెప్పాడు. నెల తిరక్కుండా మామగారి స్కూటరు అమ్మేశారు, "పాతదైపోయింది నాన్నా" అని. వంటింట్లో ఆయన కూరగాయలు తరిగే కత్తీ, చెక్కా అటక ఎక్కాయి. అంతకు ముందు కూరలన్నీ ఆయనే తరిగేవారు, టకటకటకా, పక్కింటివాళ్లకు వినబడేలా. అత్తగారు "నాకు చేతులు ఊరికే ఉండటం లేదు, నేను తరుగుతాను" అన్నారు. ఆవిడకు కూరలు తరగడమంటే ఒళ్లు మంట. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు.

నవంబరులో పెద్దసారు ఏడాది నివేదిక కోసం నా ప్రోగ్రాము తిరగేస్తూ ఆ వాక్యం చూశారు. పెద్దసారంటే మా వేధశాల అధికారి. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడితే నక్షత్రాలు బెదురుతాయేమో అన్నట్టు ఉంటారు. "ఇదేమిటమ్మా?" అని అడిగారు. చెప్పాను. "ఆయన్ని పిలవండి" అన్నారు.

మామగారు ఆ గదిలో నిలబడి విన్నారు. ఒక సెకను దగ్గర్లో ఆలస్యం అవుతోందని, అది వయసులో సహజమని, బాధపడొద్దని పెద్దసారు చెప్పారు. మామగారు ఒక్కటే కోరారు, "పెట్టె మీద పరీక్ష పెట్టండి" అని. మా దగ్గర ఒక చెక్కపెట్టె ఉంటుంది. అందులో చిన్న దీపం ఎప్పుడు పడితే అప్పుడు ఆరిపోతుంది, ఆరగానే మీట నొక్కాలి. ఆయన కూర్చున్నారు. ఇరవై సార్లు నొక్కారు. సగటు పదో వంతులు మూడు. ఎప్పటిలాగే.

అప్పుడు నోరు తెరిచింది నేనే. "ఇక్కడ కుర్చీలో కూర్చుని, ఆరుతుందని తెలిసి చూస్తున్నారు కదా సార్. అక్కడ చలిలో, మెడ పైకెత్తి, గంటసేపు కాచుకుని నొక్కడం వేరు" అన్నాను. పెద్దసారు తలూపారు. మామగారు నా వైపు చూశారు. అందులో కోపం లేదు. వైద్యుడు చెప్పింది వింటున్న రోగి చూపు అది. "అమ్మాయి చెప్పిందంటే అంతే అయ్యుంటుంది సార్" అన్నారు. ఆయన్ని దుర్భిణి నుంచి దించేశారు. ఉద్యోగం చివరి మూడేళ్లూ రికార్డుల గదిలో పాత కాగితాలకు నంబర్లు వేస్తూ గడిపారు.

తరవాత మా పాప పుట్టింది. ఆసుపత్రిలో అందరూ ఎత్తుకున్నారు. ఆయన చేతులు చాపి, మళ్లీ వెనక్కి తీసుకుని, "నేను కింద కూర్చుంటాను, ఒళ్లో పెట్టండి" అన్నారు. పాపకు ఇప్పుడు ఆరేళ్లు. తాతయ్య నిలబడి తనను ఎత్తుకోగా అది ఎరగదు.

ఇక పోయిన నెల సంగతి. ఇంకో వేధశాలవాళ్లు మా ప్రోగ్రాము కావాలన్నారు. పరాయివాళ్లకు ఇచ్చేముందు ఇల్లు ఊడ్చుకున్నట్టు ఊడ్చుకోవాలి కదా. గడిచిన యాభై ఏళ్లలో ప్రతి రోజుకీ నా పట్టిక ఇచ్చే తేడానీ, అధికారికంగా ప్రకటించిన తేడానీ పోల్చే పరీక్ష రాశాను. కలిస్తే పచ్చ చుక్క, కలవకపోతే ఎర్ర చుక్క. తెరంతా పచ్చగా వచ్చింది, ఒక్కచోట తప్ప. అక్కడ నూట ఎనభై నాలుగు ఎర్ర చుక్కలు, ఒక్క సందు కూడా లేకుండా. జూలై ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా. అది మామగారిని దించిన ఏడాది.

పట్టిక తెరిచాను. ఏం చేశానో చూడగానే గుర్తొచ్చింది. ఆ జూలైలో ప్రకటన రాగానే, వచ్చే జనవరి ఒకటి నుంచి తేడా ముప్పై ఏడు అని ముందే ఎక్కించేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. పని వెనక పడితే నాకు ఒళ్లు మండుతుంది. పైవరుసనే కింద ఇంకోసారి దించుకున్నాను. వచ్చే ఏడాది అని వెయ్యాల్సింది, సెకను చేరేది ఈ ఏడాది ఆఖర్న కదా అని ఈ ఏడాదే వేశాను. ముప్పై ఆరును ముప్పై ఏడు చేశాను. పైవరుసలో నెల జూలై ఉంది. దాన్ని అలాగే వదిలేశాను. జనవరిలో మొదలవ్వాల్సిన తేడా ఆరు నెలల ముందే మొదలైపోయింది. అంటే ఆ ఆరు నెలలూ నా ప్రోగ్రాము ప్రతి సమయానికీ ఒక సెకను ఎక్కువ కలిపింది. జనవరి ఒకటి రాగానే పట్టిక దానంతట అదే నిజమైపోయింది. అప్పటికి చేత్తో సమయం పట్టే మనిషినే మేం దించేశాం కాబట్టి, తప్పు పోయిన సంగతి కూడా ఎవరూ చూడలేదు.

తరవాత నేను చేసిన పని ఇంకా సిగ్గుచేటు. ముందు వరుస దిద్దాను. ఎర్ర చుక్కలన్నీ పచ్చబడ్డాయి. ఆ తరవాత, అచ్చయిన అంకెలు ఎక్కడైనా పాడయ్యాయా అని వెతికాను. పాడవలేదు. నా పట్టిక ఒక సెకను ఎక్కువ కలిపింది, నా వాక్యం ఒక సెకను తీసేసింది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. జూలై నుంచి నవంబరు దాకా మామగారు పట్టిన పద్నాలుగు సమయాలూ అచ్చులో సరిగ్గానే ఉన్నాయి. దిద్దాల్సిన పుస్తకం లేదు, క్షమాపణ చెప్పాల్సిన శాస్త్రవేత్త లేడు. తప్పు మిగిలింది ఒక్క మనిషి మీదే. ఆయన మా ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని పాపకు బొమ్మల పుస్తకం చదివి పెడుతున్నారు.

ఎవరికీ తెలిసే దారి లేదని రూఢి చేసుకున్నాక నాకు హాయిగా ఊపిరి ఆడింది. ఒక్క నిమిషం, నిజంగానే ఆడింది. ఆ నిమిషాన్ని నేను దేనితోనూ కొట్టేసుకోలేను.

ఇంటికి వెళ్లాను. రోజూ చూసే మనిషినే కొత్తగా చూడటం మొదలుపెట్టాను. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటారు. పాప బంతి విసిరితే పట్టుకోరు, కింద పడ్డాక తీసుకుంటారు. స్నానాల గదిలోంచి రావడం ఆలస్యమైతే అత్తగారు తలుపు కొడతారు. భోజనాల దగ్గర మా ఆయన నీళ్ల జగ్గును ఆయనకు అందకుండా ఇవతలికి జరుపుతాడు, అలవాటుగా, మాట్లాడుతూనే. ఈ పనులన్నీ నేను నేర్పినవే. ప్రతి రాత్రీ రేపు చెబుదామనుకునేదాన్ని. పొద్దున్నే ఏదో వంక దొరికేది. ఒకరోజు పాపకు జలుబు, ఒకరోజు ఆయనకే తలనొప్పి. వంకలు వెతకడంలో నాకు అంత నేర్పుందని నాకే తెలియదు.

తొమ్మిదో రోజు గురువారం. మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చేశాను. మామగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. కత్తి అక్కర్లేని పని కాబట్టి అది ఆయనకు వదిలేశారు. అత్తగారు పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నారు.

"ఏమ్మా, ఇంత పెందరాళే వచ్చావు? ఒంట్లో బాలేదా?" అన్నారు.

"మీకో మాట చెప్పాలి మామయ్యగారూ."

"చెప్పు."

ఎదురుగా కూర్చున్నాను. ఆయన గిన్నె పక్కకు జరిపి ఆగారు.

"ఆ ఏడాది మీ చెయ్యి నెమ్మదించలేదు. నా పట్టికలో తప్పు. కొత్త సెకను వరుసకి వచ్చే జనవరి వెయ్యాల్సింది ఆ జూలై వేశాను. మొన్న పరీక్ష రాస్తుంటే బయటపడింది."

తరవాత ఆయన అడిగిన ప్రశ్నలు ఆఫీసులో అడిగే ప్రశ్నల్లాగే ఉన్నాయి.

"ఏ తేదీ నుంచి?"

"జూలై ఒకటి."

"ఎప్పటిదాకా?"

"డిసెంబరు ముప్పై ఒకటి. ఆ తరవాత అదే సరైపోయింది."

వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. "నన్ను దించింది నవంబరు పదకొండున. ఇంకో యాభై రోజులు ఆగి ఉంటే సర్దుకునేది."

"అవునండీ."

"ఎంత వచ్చేది తేడా?"

"ఒక సెకను."

"అది పెద్దసారు చెప్పాడు, ఒక సెకను దగ్గర్లో అని. దగ్గర్లో అంటే? ఒకటింపావా, ముప్పావా? ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువా?"

నాకు అప్పుడు అర్థమైంది ఆయన ఎక్కడికి వస్తున్నారో. "లేదండీ. ప్రతిసారీ ఒకటే. వందో వంతులు రెండో మూడో అటూ ఇటూ."

"సరిగ్గా ఒకటి."

"సరిగ్గా ఒకటి."

ఆయన ఒక బఠాణీకాయ తీసుకుని, ఒలవకుండా బల్ల మీద పెట్టారు. "సరిగ్గా ఒకటి వస్తే అది చెయ్యి కాదమ్మా. పట్టిక. చెయ్యి అంత శుభ్రంగా తప్పు చెయ్యదు. ఓ రోజు పావు, ఓ రోజు అర, చలెక్కువుంటే ముప్పావు, అలా ఉంటుంది చెయ్యి అంటే. ఆ అంకెలు నాకు చూపించుంటే నిలబడ్డ చోటే చెప్పేవాణ్ని, వెళ్లి పట్టిక చూసుకో అని."

"మిమ్మల్ని బాధపెట్టకూడదని."

"తెలుసు." గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. "పట్టికలో తప్పు ఎవరైనా చేస్తారు. నేను అంతకంటే పెద్దవి చేశాను. ఒకసారి వేరే నక్షత్రాన్ని చూస్తూ కూర్చున్నాను రెండు గంటలు. అది కాదు. నన్నొక మాట అడక్కుండా నా అంకెలు దిద్దావు చూడు. దిద్ది, నాకు చెప్పలేదు. ఆ తరవాత పెట్టె నేను బాగానే ఉన్నానంది. నువ్వు కాదన్నావు. నేను పెట్టెను వదిలేసి నిన్ను నమ్మాను."

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి నాకు హక్కు లేదని తెలిసి ఇంకా వచ్చింది. పక్కగదిలోంచి అత్తగారు ఎప్పుడొచ్చారో, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో సగం మడతపెట్టిన దుప్పటి. "అంటే ఈయనకేం లేదా?" అని అడిగారు నన్ను.

"ఏం లేదత్తయ్యా. ఎప్పుడూ లేదు."

ఆవిడ దుప్పటి కుర్చీ మీద పడేసి కూలబడ్డారు. "ఎనిమిదేళ్ల నుంచి రాత్రిళ్లు ఈయన అటు తిరిగితే లేస్తున్నాను, ఇటు తిరిగితే లేస్తున్నాను. నా నిద్రంతా ఎవరిస్తారే నాకు?" అన్నారు.

మామగారు లేచారు. "నాకు కోపం వచ్చింది. కొన్నాళ్లు నీతో మాట్లాడను. ఏమనుకోకు" అని చెప్పి తన గదిలోకి వెళ్లిపోయారు. కోపంలో కూడా కబురు చెప్పి వెళ్లే మనిషి.

అన్నట్టుగానే నాలుగు రోజులు మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే పాపతో చెప్పేవారు. "మీ అమ్మని ఉప్పు ఇటు ఇమ్మను." పాపకు అదొక కొత్త ఆట. "అమ్మా, తాతయ్య ఉప్పు ఇమ్మన్నాడు. తాతయ్యా, అమ్మ ఇచ్చింది" అని మా ఇద్దరి మధ్యా తిరిగేది. మా ఆయన మొదటిరోజు రాత్రి నాతో ఒక్కటే మాట అన్నాడు, "బండి అమ్మించింది నేను కదా" అని. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. అతను నా తప్పులో వాటా అడిగాడు.

ఆ నాలుగు రోజుల్లో నేను పెద్దసారుకి ఉత్తరం రాశాను. తప్పు ఎక్కడ, ఎవరిది, ఎన్ని రోజులు, నాలుగో నంబరు పరిశీలకుడి చేతిలో ఏ లోపమూ లేకుండానే ఆయన్ని ఎలా దించారు, పరీక్ష పెట్టె చెప్పిన నిజాన్ని నేను ఎలా కొట్టిపారేశాను, అన్నీ. ఆయన పట్టిన పద్నాలుగు సమయాలూ దిద్దకుండానే సరైనవని రాసి, పంపేముందు మామగారి గది తలుపు కింద నుంచి లోపలికి తోశాను. గంట తరవాత కాగితం మళ్లీ నా బల్ల మీదకు వచ్చింది. పద్నాలుగు కొట్టేసి పదిహేను అని రాసి ఉంది. పక్కన, "సెప్టెంబరులో మబ్బు పట్టిన రోజు, మబ్బు సందులో ఒకటి దొరికింది. అనుమానం అని గుర్తు పెట్టాను. అనుమానం లేదు." పాత కాగితాలు తీసి చూశాను. పదిహేనే. దిద్ది పంపాను.

పెద్దసారు ఫోను చేశారు. "అచ్చయిన అంకెలు ఏమీ మారవంటారు?"

"మారవు సార్."

"మరి ఈ ఉత్తరం ఎక్కడ పెట్టమంటారు?"

"ఆయన ఉద్యోగం ఫైల్లో పెట్టండి సార్. ఆయన చెయ్యి నెమ్మదించిందని మనం రాసిన కాగితం మీద పెట్టండి."

అలాగే పెడతానన్నారు. తరవాత, "సోమవారం ఆయన్ని తీసుకురండి. నేనే చెప్పాలి" అన్నారు.

సోమవారం మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యారు. దారిలో బస్సులో నాతో మాట్లాడారు, కిటికీవైపు చూస్తూ. "ఆ నెల మార్చడం మర్చిపోయిన రోజు ఏం తొందర నీకు?" అని అడిగారు. ఏ తొందరా లేదని చెప్పాను. ఇంకా ఆరు నెలల టైముందని చెప్పాను. ఆయనకు నవ్వొచ్చినట్టుంది, కానీ నవ్వలేదు.

పెద్దసారు గేటు దాకా ఎదురొచ్చారు. మామగారు పని మానేశాక ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. మామగారి చెయ్యి పట్టుకుని, "మిమ్మల్ని పెట్టె ముందు కూర్చోబెట్టాను. పెట్టె చెప్పింది నమ్మలేదు. నాది తప్పు" అన్నారు. ఉత్తరం ఫైల్లో పెట్టి చూపించారు. వీలున్న సాయంత్రం ఎప్పుడైనా వచ్చి దుర్భిణి దగ్గర కూర్చోమన్నారు, మీట సిద్ధంగా ఉంచుతామన్నారు. మామగారు ఫైలు శ్రద్ధగా చదివారు. "సరే సార్. మంచిది" అన్నారు. వస్తానని అనలేదు, రాననీ అనలేదు.

బయటికొచ్చాం. బస్సు స్టాపు రోడ్డుకి అవతల. మధ్యాహ్నం కావడంతో బళ్లు పెద్దగా లేవు. ఒక వ్యాను వెళ్లింది. ఆ తరవాత రోడ్డు రెండు వైపులా చాలా దూరం ఖాళీగా ఉంది. నేను అడుగు ముందుకేశాను. ఆయన రాలేదు. కాలిబాట అంచున నిలబడి ఉన్నారు.

"ఏమైంది మామయ్యగారూ? ఖాళీయే కదా."

"కనబడుతోంది." ఆయన చూపు రోడ్డు మీదే ఉంది. "ఖాళీగా ఉందని నాకు అనిపించాక ఒక సెకను కలుపుకుని దాటుతాను. నాకు అనిపించేది ఆలస్యంగా కదా."

"మీకేం ఆలస్యం లేదు. ఇప్పుడే చదివారు కదా ఫైల్లో."

"చదివాను. తెలుసు." అరచేతులు చొక్కాకు తుడుచుకున్నారు. "రోడ్డు దాటినా అంతే, మెట్లు దిగినా అంతే, పాప చేతికి గ్లాసు ఇచ్చినా అంతే. అన్నిటికీ ఒకటి కలుపుకుంటాను. ఆ నవంబరు నుంచి. ఇప్పుడు మానేద్దామని పొద్దున్నుంచీ చూస్తున్నాను. కాలు రావట్లేదమ్మా."

నా ప్రోగ్రాములో ఆ వాక్యాన్ని ఆయన్ని దించిన రోజే, ఎనిమిదేళ్ల కిందట, తీసేశాను. ఈయనలో అది ఇంకా నడుస్తూనే ఉంది. రాసింది నేనే, కానీ అక్కడి నుంచి తీసే దారి నాకు తెలియదు. వెనక్కి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాను. ఈలోగా మలుపులోంచి ఒక కారు వచ్చింది. అది వెళ్లేదాకా ఆగాం. మళ్లీ ఖాళీ అయింది. ఆయన పెదాలు కదిలాయి, ఒకటి లెక్కపెట్టుకున్నారు. అప్పుడు ఇద్దరం దాటాం.